నూట ఇరవై, ఎనభై

దీప అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని పోతాయిగూడెంలో అందరికీ తెలుసు. ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళలో పదో తరగతి పాసైంది ఆమె ఒక్కతే. రేషన్ కార్డుకు దరఖాస్తు రాయాలన్నా, దుబాయి పోయినవాడికి ఉత్తరం రాయాలన్నా కాగితం తెచ్చి ఆమె ముందే పెట్టేవారు. చదువుకున్న కోడలికి ఊళ్ళో దక్కే మర్యాద అంతే. నలుగురి పనీ నెత్తిన పడుతుంది, పడినందుకు సంతోషం కూడా వేస్తుంది. ప్రతి బుధవారం షామీర్‌పేట నుంచి బస్సులో వచ్చే నర్సు కమలాబాయి కూడా టీకాల డబ్బా బల్ల మీద పెట్టకముందే, "దీపను పిలువుండ్రి" అనేది.

ఆ ఫిబ్రవరి బుధవారం కూడా పిలిచింది. దీపకు అప్పుడు ఎనిమిదో నెల. పంచాయతీ ఆఫీసు పక్క గది నాలుగిళ్ళ అవతలే ఉంది, అయినా దారిలో రెండుసార్లు ఆగింది. తన చెప్పులు పట్టక మొగుడి చెప్పులు వేసుకుని వచ్చింది. బయట అరుగు మీద కూర్చున్న గర్భిణులు ఆ చెప్పులు చూసి నవ్వారు, దీప కూడా నవ్వింది. వాళ్ళలో ఇస్తారి కోడలు శృతి అందరికన్నా చిన్నది, పంతొమ్మిదేళ్ళు, తొలి కాన్పు. "నీ చెప్పులు నయమక్కా, నా గాజులు జూడు," అని చెయ్యి చాపింది. గాజులు మణికట్టు మీద కదలకుండా బిగుసుకుని ఉన్నాయి. "మంచిగ తిని బలిసినవు పో," అన్నారెవరో. దాంతో ఆ మాట అక్కడికి అయిపోయింది.

గదిలో పనిచేసే వస్తువు బరువు చూసే మిషన్ ఒక్కటే. బీపీ మిషన్ తన పెట్టెలో భద్రంగా ఉంది. దాని రబ్బరు బుడ్డి దసరాకు ముందే పగిలింది. నొక్కితే గాలి చేతికి కట్టిన పట్టీలోకి పోకుండా నొక్కినవాళ్ళ మొహానికే తగిలేది. కొత్తది కావాలని కమలాబాయి రెండుసార్లు రాసి పంపింది. రాలేదు. మూడోసారి రాయడం మానేసింది. మిషన్ పాడైందని రిజిస్టరు ఊరుకోదు కదా, దాని గళ్ళు దానికి నిండాలి.

"నేను చెప్త, నువ్వు రాసుకో," అంది కమలాబాయి కుర్చీలో వెనక్కి వాలి. చూసి చెప్పడానికి ఆమె ముందు ఏమీ లేదు. గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ చెప్పేది. "సాయమ్మ, ఏడో నెల. బరువు యాభై రెండు. బీపీ నూట ఇరవై, ఎనభై. మూత్రంల ఏం లేదు."

దీప రిజిస్టరులో రాసింది, అదే సాయమ్మ కార్డులోకి ఎక్కించింది. అట్లా పద్నాలుగు మంది. దసరా నుంచి ఐదు నెలలుగా ఇదే పని.

"అందరికి గదేనా అక్కా?" అంది తలెత్తకుండా.

"అందరికి ఒక్కతీరుగ ఉంటే పెద్ద డాక్టరు కండ్లు పెద్దగ జేస్తడు. నడుమ నడుమ నూటపది, డెబ్బై ఎయ్యి. నీకు దెల్వందా."

తెలుసు. వరసలో ఎవరికి నూటపది వేస్తే బాగుంటుందో చూసి, కూరలో ఉప్పు వేసినంత జాగ్రత్తగా వేసేది దీప. శృతికి నూటపది, డెబ్బై వేసింది. చిన్నపిల్ల కదా, చిన్న అంకె బాగుంటుందనిపించింది.

మొదటి నెలలోనే ఆమె బీపీ అంటే ఏమిటని అడిగింది. కమలాబాయి నవ్వి, "కోపమున్నోళ్ళకొచ్చే రోగం. మీ సర్పంచ్‌కుంది. నీకేం బీపీ, నీ నోట్ల నాలికె ఉన్నదో లేదో ఎవలికి దెల్వది," అంది. గదిలో అందరూ నవ్వారు. ఆ మాట దీపకు మెప్పులాగే వినపడింది.

చివరికి తన కార్డు మిగిలింది. బరువు మిషన్ ఎక్కితే ముల్లు అరవై దగ్గర ఆగింది. పోయిన నెల యాభై ఐదు. "ఐదు కిలోలు," అంది కమలాబాయి, "మీ అత్త మంచిగ సాదుతాంది నిన్ను. బీపీ నువ్వే ఎయ్యి. మంచిదే ఎయ్యి." దీప నూట ఇరవై, ఎనభై వేసింది. పెన్ను పట్టిన వేళ్ళ మీద గాడి పడి, పెన్ను కింద పెట్టాక కూడా గాడి అట్లాగే ఉండిపోయింది.

"మూడొద్దుల నుంచి నెత్తి నొస్తాంది అక్కా."

"ఎండలు మొదలైనయి గద. గోలి ఇస్త, మింగు."

"కాళ్ళు గిట్ల ఉబ్బినయి."

"ఎనిమిదో నెల నీరు దిగనిది ఎవలికి? ఉప్పు తక్కువ తిను." కమలాబాయి కార్డులన్నీ సర్ది రబ్బరు బ్యాండు వేసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమని దీప చేతిలో పెట్టింది. సంతకాలు పెట్టలేదు. అవన్నీ తర్వాత ఒక్కపారే పెడతానంది. లేస్తూ దీప భుజం మీద చెయ్యి వేసి, "మీ ఊరికి అంగన్‌వాడీ టీచర్ పోస్టు పడుతాందట. పెద్ద డాక్టరు అడిగితే నీ పేరే చెప్త. నా చెల్లెలసుంటిదానివి," అంది. ఆ మాట దీప ఇంటిదాకా మోసుకుని పోయింది. కాళ్ళ బరువు కూడా తెలియలేదు.

దారిలో ఇస్తారి ఇంటి ముందు ఆగి శృతి కార్డు ఇచ్చింది. చదువురాని శృతి అత్త, "ఏం రాసిండ్రు బిడ్డా?" అంటే, "బీపీ నూటపది, డెబ్బై. ఫస్టుగ ఉంది," అని చదివి వినిపించింది.

ఆ సాయంత్రం దీప అత్త సాలమ్మ కోడలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తోంది. పగలంతా ద్రాక్షతోటలో గుత్తులు పెట్టెలకెత్తి వచ్చిన మనిషి. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద ప్రేమలూ లేవు, పెద్ద తగాదాలూ లేవు. కడుపుతో ఉన్న పిల్ల కాళ్ళు పట్టాలి, పడుతోంది. రెండో వేలి దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"మెట్టె కనవడతలేదేంది?"

మెట్టె ఉంది. వేలి కండలో కూరుకుపోయి వెండి సన్నటి గీతలా కనిపిస్తోంది. సాలమ్మ సబ్బు రాసింది, దారం చుట్టి లాగింది, రాలేదు. పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. పిండిలో వేలు పెట్టినట్టు గుంట పడింది. ఆ గుంట వైపు చాలాసేపు చూసింది.

"మా చిన్నమ్మ బిడ్డకు గిట్లనే ఉబ్బింది," అంది చివరికి. "నెత్తి నొప్పి, నెత్తి నొప్పి అన్నది. పొద్దుగాల గుర్రపువాతం వచ్చింది. కాళ్ళు చేతులు కొట్టుకున్నయి, నాలికె కొరుక్కున్నది. ఎడ్లబండి కట్టేలోపల పోయింది. కడుపుల బిడ్డ గూడ పోయింది. రేపు మేడ్చల్ పోయి డాక్టరమ్మకు చూపెడదాం నడు."

దీప పెట్టె తెరిచి, పెళ్ళి ఫోటో కింద నుంచి కార్డు తీసింది. "గిది జూడు అత్తమ్మా. ఇయ్యాల్టిదే. బీపీ నూట ఇరవై, ఎనభై. మూత్రంల గూడ ఏం లేదు. గంత మంచిగుంటే పైసలు దండుగ జేసుకొని మేడ్చల్ ఎందుకు?"

సాలమ్మ అంకె మీద నూనె వేలు ఆనించింది. "గా లెక్క మంచిదేనా?"

"మంచిదే."

దీప అత్తను మోసం చెయ్యాలనుకోలేదు. పొద్దున ఏ పట్టీ కట్టకుండా, క్యాలెండరు చూసి చెప్పినదాన్ని తన చేత్తో రాసిన అంకె సాయంత్రానికి ఆమెకు నిజమైపోయింది. అచ్చు గళ్ళు, పైన సర్కారు ముద్ర, లోపల నీలం సిరా. కాగితం మీద ఉన్నదాన్ని నమ్మమని బడిలో నేర్పారు, ఎవరు రాశారో చూసి నమ్మమని నేర్పలేదు. రాసింది తనేనన్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు. గోలి మింగి పడుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం మొగుడు ఎల్లేష్‌కు సద్ది పట్టుకుని తోటకు పోయింది. నాలుగు రోజులుగా కోత జోరు మీదుంది, అతనికి ఇంటికి వచ్చే తీరిక లేదు. రాతి కడీల మీద పరిచిన తీగల పందిరి కింద ఎల్లేష్ తల వంచుకుని నడుస్తూ, చిన్న కత్తెరతో గుత్తి తొడిమ కత్తిరించి, పండు మీది బూడిద చెరిగిపోకుండా తొడిమతోనే పట్టుకుని పెట్టెలో పడుకోబెడుతున్నాడు. వేలు తగిలితే ఆ బూడిద పోతుంది, పోతే మార్కెట్లో ధర పడిపోతుంది. అతను దీపను చూసి నవ్వాడు. దీపకు అతని నవ్వు సగమే కనిపించింది. మిగతా సగం ముందు మిణుగురులు తిరుగుతున్నాయి.

"గిన్ని గుత్తులు మెరుస్తున్నయేంది?" అంది.

"ఏడ మెరుస్తున్నయి?"

ఆమె కడీ పట్టుకుంది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలితో గుద్ది, ఆ పిడికిలి తీయకుండా ఉంచినట్టుంది. కూర్చోబోయి వాంతి చేసుకుంది. ఎల్లేష్ కత్తెర జేబులో వేసుకుని ఆమె నుదురు పట్టుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాడు. అవతలి వరసలో ఉన్న సాలమ్మ పరుగున వచ్చి కోడలి మొహం చూసింది. కనురెప్పలు ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. "ఎండదెబ్బ గాదు గాడిదగుడ్డు గాదు. టెంపోల ఎక్కియ్యి దీన్ని," అంది కొడుకుతో.

మార్కెట్‌కు పోవలసిన ద్రాక్ష టెంపో మొదట మేడ్చల్‌కు పోయింది. పెట్టెల మధ్య గోనెసంచులు పరిచి దీపను కూర్చోబెట్టారు. కార్డు కావాలని ఆమే అడిగింది. సాలమ్మ ఇంటి ముందు టెంపో ఆపించి తెచ్చి ఇచ్చింది. దారి పొడుగునా దీప దాన్ని జాకెట్టులో పెట్టుకుని, పైన చెయ్యి ఆనించి కూర్చుంది. అది తన దగ్గరుంటే భయం లేదనిపించింది.

మేడ్చల్లో ప్రైవేటు డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టింది. దీపకు అదే మొదటిసారి. పట్టీ బిగుసుకుని, చెయ్యి మొద్దుబారి, ఎక్కడో నాడి టకటకా కొట్టుకుంది. డాక్టరమ్మ గాలి వదిలి మళ్ళీ ఎక్కించింది. రెండో చేతికి కట్టి చూసింది.

"నూట డెబ్బై, నూట పది," అంది పక్కనున్న నర్సుతో.

"గాదు మేడమ్," అంది దీప. "నాది నూట ఇరవై, ఎనభై."

డాక్టరమ్మ ఆమె వంక చూసింది. దీప కార్డు తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టి ముందు చెయ్యాల్సింది చేసింది. మూత్రం గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద వేడి చేయించింది. నర్సు గొట్టం ఎత్తి చూపిస్తే, పాలు విరిగినట్టు లోపల తెల్లగా కట్టి ఉంది.

"ఇది చూడండమ్మా," అంది డాక్టరమ్మ, దీపకే కాదు, వెనక నిలబడ్డ సాలమ్మకూ ఎల్లేష్‌కూ. "మూత్రంలో ఇది పోకూడదు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి రక్తపోటు పెరుగుతుంది. కోపానికీ దీనికీ సంబంధం లేదు, ఉప్పుకీ లేదు. మూత్రపిండాలు, కాలేయం, మెదడు, అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, డొక్కలో నొప్పి, అన్నీ అందుకే. ఇంకొంచెం ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి. దీనికి అసలు మందు కాన్పే. పట్నం పంపిస్తాను, ఇప్పుడే పోవాలి."

పోయేముందు సూది వేస్తూ కార్డు తెరిచింది. "మొన్న బుధవారం నూట ఇరవై ఉందా? అదే రోజు చూస్తే బరువు నెలలో అయిదు కిలోలు పెరిగిందా? ఎవరు చూశారమ్మా?"

దీప కార్డు వంక చూసింది. నూట ఇరవై, ఎనభై. ఎనిమిది మొదలయ్యేచోట చిన్న తోక. ఆ తోక తాను ఆరో తరగతిలో లెక్కల సారుకు నచ్చాలని నేర్చుకున్నది. ఐదు నెలల గళ్ళ నిండా ఆ తోకలే ఉన్నాయి. కార్డు వెనక్కి తీసుకుని మళ్ళీ జాకెట్టులో పెట్టుకుంది. అప్పటికి డొక్కలో నొప్పి కూడా ఎక్కువైంది.

పట్నంలో కాన్పుల దవాఖానలో ఒక సూది వేస్తే ఒళ్ళంతా నిప్పులు పోసినట్టు వేడెక్కింది. గంట గంటకూ ఎవరో ఒకరు వచ్చి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి కాలు ఎగురుతుందా అని చూశారు. మూత్రం ఎంత వచ్చిందో సంచిలో కొలిచారు. తెల్లవారి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కిలో ఆరు వందలు. దీప పిల్లను చూడలేదు, ఏడుపు మాత్రం విన్నది. పిల్లిపిల్ల అరిచినట్టు ఒక్కసారి అరిచింది. తీసుకుపోయి వెచ్చటి అద్దాల పెట్టెలో పెట్టారని, పది రోజులు గడిస్తే గాని ఏ మాటా చెప్పలేమని ఎల్లేష్ వచ్చి చెప్పాడు. చెబుతున్నప్పుడు అతని వేళ్ళు జేబులో కత్తెరను తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

మూడో రోజు పొద్దున కమలాబాయి వచ్చింది. చేతిలో బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు. ఎల్లేష్, సాలమ్మ పిల్ల దగ్గరికి పోయిన సమయం చూసి మంచం పక్కన స్టూలు లాక్కుంది. దీప జుట్టు సవరించింది. ఆ చెయ్యి తలమీద పడగానే దీపకు ఏడుపొచ్చింది. నాలుగు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు.

"బిడ్డ పెట్టెల ఉంది అక్కా."

"మంచిగైతది. నేను ఎన్ని జూడలే." కమలాబాయి వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. "ఇగో దీపా, పెద్ద డాక్టరు రవీందర్ సారు వస్తాండు. ఈడి డాక్టర్లు కాయిదం రాసిండ్రట. నిన్ను అడుగుతడు. బుధవారం మిషన్ మంచిగనే ఉండె, నర్సమ్మనే జూసింది, గప్పుడు బీపీ లేకుండె అను. రెండొద్దులల్ల పెరిగిందను. గట్ల గూడ పెరుగుతది, అబద్ధం గాదు. నాకు ఇద్దరు పిల్లలు, మా ఆయన కొలువు జెయ్యడు. నీకు దెల్వందా."

దీప తలూపింది. ఎందుకు ఊపిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు దొరకలేదు. అయిదు నెలలు ఆ గొంతు చెప్పింది రాసిన అలవాటు అనుకోవాలి. చెల్లెలసుంటిదానివి అన్న మాట కూడా ఇంకా లోపల ఎక్కడో వెచ్చగానే ఉంది.

రవీందర్ డాక్టరు నడివయసు మనిషి. వస్తూనే కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఎల్లేష్, సాలమ్మ అప్పుడే తిరిగి వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. ఆయన దీపను ఏమీ అడగలేదు. కార్డు రెండుసార్లు తిప్పి చూసి కమలాబాయి వైపు తిరిగాడు.

"నీ సెంటర్ల బీపీ మిషన్ పనిచేస్తలేదని స్టోర్ల కాగితం దొరికింది. దసరా నాటిది. మరి ఇవన్నీ ఎవరు రాసిండ్రు?"

స్టోరు కాగితం దొరుకుతుందని కమలాబాయి అనుకోలేదు. దీప వైపు చూడకుండా చెప్పింది.

"నాకు దెల్వది సార్. నా రాత గాదు. నా సంతకం ఏడ లేదు, చూడుండ్రి. గీమెకు చదువొస్తది. కార్డు ఇంట్ల పెట్టుకొని గీమెనే రాసుకున్నది. కావాలంటే రాయించి చూడుండ్రి."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని అంటారు. కమలాబాయి ఏరు దాటనైనా లేదు, నడిమధ్యలోనే తగలేసింది. ఇంకో నిమిషమైతే దీప ఆమె కోసం అబద్ధం చెప్పేది, ఆ నిమిషం కూడా ఆగలేకపోయింది. కుట్ల నొప్పి, పాలు చేపినా తాగే బిడ్డ పక్కన లేక గడ్డకట్టిన రొమ్ముల నొప్పి, అన్నీ ఉన్నాయి దీపకు. వాటన్నిటికన్నా ఇది ఎక్కువ నొప్పి పెట్టింది.

"నువ్వే రాసినవా?" అన్నాడు ఎల్లేష్. కోపంగా కాదు, అర్థంకాక అడిగాడు. ఆమెకు అది ఇంకా కష్టంగా తోచింది. సాలమ్మ కొడుకు వైపు చూడలేదు, నర్సు వైపు చూడలేదు. "గా లెక్క మంచిదేనని నన్ను నమ్మిచ్చినవు బిడ్డా," అంది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట." ఆ సామెత ఎవరి మీద వేసిందో ఎవరికి వాళ్ళు తీసుకోవాల్సిందే.

దీప మోచేతి మీద లేవబోయింది. కుట్లు లాగాయి. సాలమ్మే వెనక నుంచి చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"రాత నాదే సార్," అంది దీప.

కమలాబాయి ఊపిరి వదిలింది. అది దీపకు వినపడింది.

"నా కార్డొక్కటే గాదు. ఊళ్ళె ఇంకా పద్నాలుగు కార్డులుంటయి. పద్నాలుగింట్ల నాదే రాత. రిజిస్టర్ల గూడ నాదే. అక్క చెప్తాంటే నేను రాసిన. దసరా నుంచి ఒక్కల చేతికి గూడ పట్టీ కట్టలే. ఎవలిది ఎంతుందో ఎవలికి దెల్వది." ఆమె ఆగి గాలి పీల్చుకుంది. "నన్నేమన్నజెయ్యుండ్రి సార్. ముందుగాల ఊరికి మనిషిని పంపియ్యుండ్రి. ఇస్తారి కోడలు శృతి ఉంటది. ఆరో నెల. గాజులు తిరుగుతలేవన్నది. నేను నూటపది, డెబ్బై రాసిన."

"మిషన్ లేదని నాకు ఎవరు చెప్పలేదు," అన్నాడు రవీందర్ డాక్టరు, ఎవరితోనో తెలియకుండా. "రెండుపార్లు రాసిన సార్, మీ సంతకంతోనే పోయింది," అంది కమలాబాయి. ఆ ఒక్కటి మాత్రం ఆమె చెప్పిన నిజం. తిలా పాపం తలా పిడికెడు అని ఊరికే అనలేదు.

పేర్లు రాసివ్వమని ఆయన చీటీల పుస్తకం, పెన్ను ఇచ్చాడు. దీప పద్నాలుగు పేర్లూ రాసింది, ఇంటి గుర్తులతో సహా. అక్షరాలు వంకర పోయాయి. అన్నిటికన్నా పైన శృతి పేరు, చివర పదిహేనోదిగా తన పేరు. తన పేరు ఎందుకు రాస్తోందో ఆమెకు ఒక్క క్షణం తర్వాత గాని తట్టలేదు, అప్పుడు కొట్టేసింది. కమలాబాయి ఆయన వెనకే వెళ్ళిపోయింది. తలుపు దగ్గర కూడా తిరిగి చూడలేదు. బ్రెడ్డూ బత్తాయిలూ స్టూలు మీదే ఉన్నాయి. సాలమ్మ వాటిని తీసుకుపోయి వార్డు బయట కూర్చున్న ఎవరికో ఇచ్చి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం శృతిని తీసుకొచ్చారు. వెనక మామ ఇస్తారి మూట పట్టుకుని, తలకు చుట్టిన తువ్వాలు చేతిలోకి తీసుకుని నడిచి వచ్చాడు. దీపను చూశాడు కానీ పలకరించలేదు. ఎప్పుడు కనపడ్డా "చదువులమ్మా" అని పిలిచే మనిషి. శృతిని దీప మంచానికి రెండు మంచాల అవతల పడుకోబెట్టారు. ఆమె చేతులకు గాజులు లేవు. సబ్బు రాసి తీయగా తీయగా వచ్చాయట, మణికట్ల మీద ఎర్రటి గీతలున్నాయి.

దీప కాసేపు ఓర్చుకుంది. తర్వాత మంచం పట్టె పట్టుకుని, పొట్ట మీద చెయ్యి ఆనించుకుని, ఒక్కో అడుగూ వేస్తూ ఆ రెండు మంచాల దూరం నడిచింది.

"శృతీ."

శృతి గోడ వైపు తిరిగి ఉంది.

"నెత్తి నొస్తాందా?"

"నొస్తలేదు," అంది శృతి గోడతోనే. కాసేపటికి ఇటు తిరిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రోగంతోనో ఏడ్చో తెలియలేదు. "మా అత్త మొన్న దవాఖానకు పోదమన్నది అక్కా. నేనే వద్దన్న. దీపక్క రాసింది, ఫస్టుగ ఉన్నదన్నది, ఎందుకు పోవుడు అన్న." గొంతు పెంచలేదు. "నర్సమ్మ మాట నేనెప్పుడు నమ్మలే. నువ్వు రాసినవని నమ్మిన."

దీప నిలబడే ఉంది. పిల్ల పెట్టెలో ఉందని, తనూ చావు దాకా పోయి వచ్చిందని, కమలాబాయి తనను కూడా ముంచిందని చెప్పుకోవచ్చు. ఒక్కటీ చెప్పుకోలేదు. నిన్న కమలాబాయి తన వైపు చూడకుండా మాట్లాడినప్పుడు తనకెట్లా ఉందో, ఇప్పుడు ఈ పిల్లకు అట్లాగే ఉంటుంది. తాను ఈ పిల్ల మొహం చూస్తూనే నిలబడింది, అంతే తేడా. ఆ తేడా వెతుక్కున్నందుకు సిగ్గుపడింది.

వార్డు సిస్టర్ మిషన్ పట్టుకుని వచ్చింది. శృతి చేతికి పట్టీ చుట్టి, బుడ్డి నొక్కింది. పట్టీ బుస్సుమని ఉబ్బింది. దీప ముల్లు వైపు చూసింది, చదవడం తెలియకపోయినా చూసింది. సిస్టర్ గాలి వదిలి, ఇంకోసారి ఎక్కించి, చెవుల్లోంచి గొట్టాలు తీసి, తలగడ కింది కార్డు లాక్కుని రాసింది. కోడి గెలికినట్టు రాసింది. పై గళ్ళలో దీప ముత్యాలు వరసగా ఉన్నాయి, కింద గడిలో ఆ గీతలు గడి దాటి పక్కకు పోయాయి.

"మందు మొదలుపెట్టినం. దొరకవట్టిండ్రు గాబట్టి నయమైంది. రేపు మళ్ళ జూస్త, తిరగొద్దు," అని సిస్టర్ పక్క మంచానికి పోయింది.

శృతి కార్డు తీసుకుని ఆ కింది గడి మీద వేలు పెట్టింది. చదవడం రాదు. కాసేపు అట్లాగే పట్టుకుని, తర్వాత కార్డు దీప వైపు చాపింది.

"గిదేందో సదువు."

దీప వంగి చూసింది. "నూట యాభై," అంది. "కింద వంద."

"గా లెక్క మంచిదేనా?"

"మంచిది గాదు," అంది దీప. "నిజమైంది."